హేజెల్ డికెన్స్ పుట్టిన కొండల్లో బాపుతో నాలుగు రోజులు

మా నాన్న, బాపు, అమెరికా వస్తున్నాడంటే తెలిసినవాళ్ళంతా నయాగరా అన్నారు. నేను వెస్ట్ వర్జీనియా తీసుకెళ్ళాను. కారణం ఒక పాట. షార్లెట్‌లో ఆఫీసుకు పోతూ కారులో విన్నాను. తోడుకు ఒక్క వాయిద్యం లేదు, గొంతేమో పీట మీద రంపం లాగినట్టు గరుకు. బొగ్గు దుమ్ముకి ఊపిరితిత్తులు పోయి చనిపోయిన తోడబుట్టినవాడి మీద వెస్ట్ వర్జీనియా గాయని హేజెల్ డికెన్స్ కట్టిన 'బ్లాక్ లంగ్' అది. మా బాపు గోదావరిఖనిలో ముప్ఫై ఏళ్ళు బొగ్గు బాయి దిగినవాడు, టింబర్‌మన్. అంటే గని కప్పు కూలకుండా చెక్క ఆనింపులు నిలబెట్టేవాడు. ఆ దగ్గు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

షార్లెట్ నుంచి ఇంటర్‌స్టేట్ 77 మీద రెండున్నర గంటలు. ఫ్యాన్సీ గ్యాప్ దగ్గర ఘాటు ఎక్కేటప్పుడు పొగమంచు కమ్మేస్తుంది, పొద్దున్నే బయల్దేరేవాళ్ళు ఒక గంట ఆగి వెళ్ళడమే మేలు. ఆఖర్లో మైలు పొడవున్న ఈస్ట్ రివర్ మౌంటెన్ సొరంగం. వర్జీనియాలో దూరి వెస్ట్ వర్జీనియాలో తేలతాం. ప్రిన్స్‌టన్ దాకా టోల్ లేదు, దాన్ని దాటి ఉత్తరానికి పోతేనే మొదలవుతుంది.

మొదటి రాత్రి ప్రిన్స్‌టన్‌లో హైవే పక్క హోటల్. పన్నుతో 118 డాలర్లు. గది శుభ్రం, మైక్రోవేవ్ ఉంది, పార్కింగ్ ఉచితం. పొద్దున టిఫిన్ అంటే పిండి పోసుకుని మనమే కాల్చుకునే వాఫిల్, ఉడకేసిన గుడ్డు. బాపు వాఫిల్‌ని ఒకసారి తిప్పి చూసి, నేను తెచ్చిన పులిహోర డబ్బా తెరిచాడు.

రెండో రాత్రి బ్రామ్‌వెల్ దగ్గర చెక్క క్యాబిన్ తీసుకున్నాను. ఫోటోల్లో బంగారంలా ఉంది. తీరా చూస్తే కొండదారుల్లో నాలుగు చక్రాల బళ్ళు తోలడానికి వచ్చేవాళ్ళ బస అది. రాత్రి పదకొండు దాకా ఇంజన్ల మోత, మెట్ల నిండా బురద, స్నానానికి నీళ్ళు గోరువెచ్చనే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ప్రిన్స్‌టన్‌లోనే రెండు రాత్రులూ ఉండండి. కారులో దూరం ఎంతో లేదు.

బ్రామ్‌వెల్ మాత్రం చూడాలి. బొగ్గు గనుల యజమానుల కోటీశ్వర ఊరు అది, వందేళ్ళు దాటిన మేడలు వరసగా నిలబడి ఉంటాయి. అక్కడి నుంచి కొద్ది మైళ్ళు పోతే మాంట్‌కామ్. 1925లో హేజెల్ పుట్టిన ఊరు, పదకొండు మంది పిల్లల్లో ఎనిమిదోది. (చాలాచోట్ల 1935 అని అచ్చయింది. ఆమె పోయాకే అసలు సంవత్సరం బయటపడింది.) తండ్రి చర్చిలో బోధకుడు, బాంజో వాయించేవాడు, బతుకుతెరువుకు గనులకు కలప తోలేవాడు. ఆ ముక్క చెప్పగానే బాపు ఫోన్ పక్కన పెట్టాడు. "అంటే మాకు దిమ్మెలు తెచ్చిచ్చెటాయన బిడ్డన్నట్టు."

మాంట్‌కామ్‌లో మాకు కనపడినవి బ్లూస్టోన్ నది, రోడ్డు, కొండవార ఇళ్ళు. పావుగంట చాలు. ఇరవైల్లోనే హేజెల్ ఇక్కణ్ణుంచి బాల్టిమోర్ పోయి ఫ్యాక్టరీల్లో పని చేసింది. అక్కడే జానపద సంగీతకారుడు మైక్ సీగర్, ఆ తర్వాత గాయని ఆలిస్ జెరార్డ్ పరిచయమయ్యారు. బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలు, గిటార్లతో పాడే అమెరికా పల్లె సంగీతం) బృందాల్ని మగవాళ్ళే నడిపే రోజుల్లో, 1965లో హేజెల్, ఆలిస్ ఇద్దరూ ముందు నిలబడి రికార్డు తెచ్చారు. హేజెల్ నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాయిద్యం, బాస్, కూడా వాయించేది. తన పేరు మీదే సొంత రికార్డులు వచ్చేసరికి యాభై దాటింది. 2011లో పోయేదాకా గని కార్మికుల సభల్లో పాడటం మానలేదు.

ఈ ప్రయాణం మొత్తానికి డబ్బు గిట్టింది పోకహోంటస్ గనిలో. రాష్ట్రం దాటితే వర్జీనియా, బ్రామ్‌వెల్‌కి కూతవేటు. 1938 నుంచీ సందర్శకుల్ని లోపలికి తీసుకెళ్తున్నారు, చలికాలం మూసేస్తారు. లోపల ఏడాది పొడుగునా 52 డిగ్రీల ఫారెన్‌హీట్, స్వెటర్ మర్చిపోవద్దు. బొగ్గు పొర పదమూడు అడుగుల మందం. బాపు తల పైకెత్తి చూస్తూ, "ఇంత ఎత్తు బాయిల నిలబడి తట్ట నింపొచ్చు గదనే, మేము వంగి వంగి నడుములు పోగొట్టుకున్నం," అన్నాడు. 1884లో ఈ గనుల్లో పేలుడు జరిగి వంద మందికి పైగా చనిపోయారని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెక్క ఆనింపుల్ని వేలి కణుపులతో కొట్టి చప్పుడు విన్నాడు. ఆనింపు గట్టిగుందో లేదో బాయిలో అలాగే చూస్తారట. గైడు అది గమనించి, మిగిలిన గంటా బాపుకే చెప్పాడు. నేను మధ్యలో దుబాసీని.

మూడో రోజు మేట్‌వాన్. రెండు గంటలకు పైగా మలుపులే, ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దింపుకోండి. 1920లో యూనియన్ గొడవల్లో వీధిలో కాల్పులు జరిగి పది మంది పోయిన ఊరు. ఆ కథ మీద 1987లో తీసిన సినిమాలో హేజెల్ తెర మీద కనిపించి పాడింది. గని పోరాటాల మ్యూజియం చిన్నదే, నిదానంగా చదివితే రెండు గంటలు పడుతుంది. భోజనం కష్టం. పింటో చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె శాకాహారమే అనుకుంటాం గానీ, చిక్కుళ్ళలో పంది మాంసం వేస్తారు. అడగకుండా తినొద్దు.

అక్కణ్ణుంచి కెంటకీలోని ఓవెన్స్‌బరో దాకా లాగాను. బ్లూగ్రాస్ హాల్ ఆఫ్ ఫేమ్ భవనం 2018లో తెరిచారు, ఒహాయో నది ఒడ్డున. లిఫ్టులు, శుభ్రమైన బాత్‌రూములు, ఓపికగా చెప్పే సిబ్బంది, సేవల వరకు పదికి పది. హేజెల్, ఆలిస్‌లకు 2017లోనే ఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అయినా ఐదారు గంటల డ్రైవింగ్ పెట్టి మళ్ళీ వెళ్తానా అంటే వెళ్ళను. నాష్‌విల్ వెళ్ళే పని ఉంటే అటునుంచి అటే చూసుకోవచ్చు.

ఆమె పాట బాపుకు వినిపించింది అక్కడ కాదు. గని నుంచి బయటికొచ్చిన సాయంత్రం, పార్కింగ్‌లో, కారు అద్దాలు దించి. ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాలేదు. పాట సగంలో అడిగాడు: "ఎవలు సచ్చిపోయిన్రు?"