ఆ ‘డుగ్గు డుగ్గు’ విని పాత బుల్లెట్ కొనకండి

పాత పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్ కోసం వెతుకుతున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. నేను ఎనభై రెండు వేలు పోసి కొన్న బండి, అరవై కిలోమీటర్ల దూరంలోని ఇంటికి చేరడానికి నాలుగు గంటలు తీసుకుంది. దారిలో మూడుసార్లు ఆగిపోయింది. ఆగే ముందు ప్రతిసారీ తుపాకి పేలినట్టు సైలెన్సర్ పేల్చింది. హనుమాన్ జంక్షన్ దగ్గర రోడ్డు పక్కన మేస్తున్న మేకలు ఆ చప్పుడుకి మందగా పరుగెత్తి పొలాల్లో పడ్డాయి. మేకలు కాసే ఆయన నన్ను ఏమీ అనలేదు. చూసిన చూపు మాత్రం ఇంకా గుర్తుంది.

బండి 1996 మోడల్, 350 సీసీ, కుడికాలి గేరు. ఏలూరులో ఒక మధ్యవర్తి దగ్గర చూశాను. ఆయన నా ముందే కిక్కు కొట్టాడు. ఒక్క కిక్కుకే స్టార్టయింది. ‘చిన్నపిల్లాడు కొట్టినా వెనక్కి తన్నదు సార్’ అన్నాడు. చోక్ వదిలాక బండి ఎంత నిదానంగా కొట్టుకుందంటే, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఒక మాట మాట్లాడి రావచ్చు. నేను అక్కడే పడిపోయాను. చిన్నప్పుడు మా ఊళ్లో కరణంగారి బండి ఇలాగే వినిపించేదనుకున్నాను. కరణంగారి బండి ఇలా వినిపించేది కాదని, అది నా జ్ఞాపకం కల్పించుకున్న చప్పుడని తర్వాత తెలిసింది.

నడిపి చూస్తానంటే, ‘ట్యాంకు రిజర్వులో ఉంది సార్, ఆ కాలవ వంతెన దాకా వెళ్లి రండి’ అన్నాడు. రానూపోనూ రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. ఎక్కడా తడబడలేదు. సైలెన్సర్ తుప్పు పట్టి ఉంది కానీ ఇంజిన్ నుంచి దానికి వచ్చే బెండు పైపు మాత్రం తళతళలాడుతూ కొత్తగా ఉంది. ఆ తేడా చూశాను, చూసి కూడా ‘పాపం, కొత్తది వేయించాడు’ అనుకున్నాను. ఎందుకు వేయించాడో ఆలోచించలేదు.

డబ్బు ఇచ్చి, బంకులో ట్యాంకు నింపి బయలుదేరాను. పదిహేను కిలోమీటర్ల దాకా రాజాలా నడిచింది. ఆ తర్వాత రేజ్ తగ్గించినప్పుడల్లా సైలెన్సర్లో చిన్నగా పటపటలు మొదలయ్యాయి. కాసేపటికి మిస్సింగ్, అంటే మధ్యమధ్య దెబ్బలు తప్పడం. ఆపైన ఒక పెద్ద పేలుడు, ఇంజిన్ ఆఫ్. ఇరవై కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. చెట్టు కింద పాతిక నిమిషాలు కూర్చుని మళ్లీ కొడితే ఒక్క కిక్కుకే స్టార్టు. గన్నవరం ముందు మళ్లీ అదే కథ, రామవరప్పాడు రింగు దగ్గర మళ్లీ అదే.

వేడెక్కితే ఆగుతోంది, చల్లారితే నడుస్తోంది. జబ్బు తన పేరు తానే చెబుతోంది. వినే చెవి నాకూ లేదు, మొదట చూసిన మెకానిక్కుకీ లేదు. ఆయన మొదట కార్బురేటర్ విప్పి కడిగాడు. తగ్గలేదు. కొత్త కార్బురేటర్ వేశాడు, రెండు వేల ఆరు వందలు. తగ్గలేదు. ప్లగ్గు మార్చాడు, పెట్రోలు పైపు మార్చాడు. చివరికి ‘ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు సార్, పాత బళ్లకి పడదు’ అని చేతులు దులుపుకున్నాడు. అప్పటికి ఆరు వేల నాలుగు వందలు ఖర్చయింది. బండి మాత్రం పదిహేను కిలోమీటర్లకి ఆగడం మానలేదు.

ఎవరో చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పానా ముట్టుకోలేదు. ఒకే ప్రశ్న అడిగాడు: ‘ఆగిన వెంటనే ప్లగ్గు విప్పి చూశావా బాబూ? తడిగా ఉందా, పొడిగా ఉందా?’

చూడలేదు. ఆ ఒక్క పని మొదటి రోజే రోడ్డు పక్కన చేసి ఉంటే నా ఆరు వేలూ మిగిలేవి. ఆగిన బండి ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదని అర్థం. అప్పుడు ట్యాంకు, దాని కింద కుళాయిలా ఉండే కాక్, పైపు, కార్బురేటర్ వైపు వెతకాలి. తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే పెట్రోలు వస్తోంది, నిప్పు రావడం లేదు. అప్పుడు కార్బురేటర్ మార్చడమంటే కడుపునొప్పికి కళ్లద్దాలు మార్చడమే.

నన్ను వెనక కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు మీద పోరంకి దాటేదాకా ఆయనే నడిపాడు. తిరుగు దారిలో బండి ఆగింది. చల్లారనివ్వకుండా అక్కడే ప్లగ్గు తీశాడు. తడిసి ఉంది. ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా, ఇంజిన్ లోహానికి ఆనించి నన్ను కిక్కు కొట్టమన్నాడు. దూరంగా ఎందుకంటే, ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, నిప్పురవ్వ దగ్గరుంటే మంట లేస్తుంది. మీరు చేసినా ఇది మరవకండి. నీలంగా చిటుక్కుమనాల్సిన నిప్పు ఎర్రగా, సన్నగా, వచ్చీరానట్టు వచ్చింది. హెడ్‌లైటు పైన ఉండే ఆంపియర్ మీటరు ముల్లు మాత్రం కిక్కు కొట్టినప్పుడల్లా ఊగుతూనే ఉంది. అంటే కరెంటును కలుపుతూ తెంపుతూ ఉండే చిన్న స్విచ్చు లాంటి పాయింట్లు తెరుచుకుని మూసుకుంటున్నాయి, ప్లగ్గుకి నిప్పు పుట్టించే కాయిల్‌కి కరెంటు వెళుతోంది. ముల్లు కదలకపోతే వెతకాల్సిన చోటు వేరు.

తర్వాత కుడివైపు పాయింట్ల మూత తీసి, తువ్వాలు నీడగా పట్టుకుని మళ్లీ కొట్టమన్నాడు. ప్లగ్గు దగ్గర కనిపించని మెరుపంతా ఇక్కడ కనిపించింది. పాయింట్ల మధ్య వెల్డింగ్ చేస్తున్నట్టు తెల్లటి నిప్పులు. ‘ఇదిగో నీ దొంగ’ అన్నాడు. పాయింట్లకి తోడుగా ఉండే కండెన్సరు అనే చిన్న భాగం ఇంకొకటి జేబులోంచి తీసి, బయటే వేలాడదీసి తీగ కలిపాడు. వేడి ఇంజిన్, ఒక్క కిక్కు, స్టార్టు. ఆ కండెన్సరు ధర నూట ఇరవై రూపాయలు.

పాయింట్లు తెరుచుకున్నప్పుడు కాయిల్లో కరెంటు ఠక్కున ఆగాలి. అలా ఆగితేనే ప్లగ్గు దగ్గర గట్టి నిప్పు పుడుతుంది. ఆగనివ్వకుండా పాయింట్ల మధ్య దూకే కరెంటును కండెన్సరు పీల్చుకుంటుంది. అది చెడితే నిప్పు ప్లగ్గు దగ్గర కాకుండా పాయింట్ల దగ్గరే తగలబడిపోతుంది. చెడిన కండెన్సరు చాలాసార్లు చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, వేడెక్కాక చేతులెత్తేస్తుంది. ఇక పేలుడంటారా, నిప్పు పడని దెబ్బల్లో కాలని పెట్రోలు ఆవిరి సైలెన్సర్లోకి పోయి పోగవుతుంది. తర్వాత ఎప్పుడో ఒక దెబ్బ పడగానే అదంతా అక్కడే అంటుకుంటుంది.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇంత పొడుగున రాసేవాణ్ని కాదు. పెద్దాయన కండెన్సరు మార్చి ఊరుకోలేదు, ‘దీన్ని ఇంతగా ఉడకబెట్టిందెవరు?’ అని టైమింగు, అంటే నిప్పు ఏ క్షణంలో పడుతోందో, చూశాడు. ప్లగ్గు రంధ్రంలోంచి ఒక సైకిల్ పుల్ల దింపి పిస్టన్ మీద ఆనించాడు, పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పెట్టాడు. ఈ 350 ఇంజిన్లో పిస్టన్ పైకొసకి చేరడానికి ఇంకా 0.8 మిల్లీమీటర్లు ఉండగానే పాయింట్లు తెరుచుకుని కాగితం జారాలి. నా బండిలో పిస్టన్ పైకొస దాటి కిందికి దిగడం మొదలుపెట్టాక జారింది. టైమింగును కావాలనే వెనక్కి తిప్పి పెట్టారు.

ఎందుకో చెప్పాలా? నిప్పు ఆలస్యంగా పడితే కిక్కు వెనక్కి తన్నదు. ఇంజిన్ నిదానంగా, బరువుగా కొట్టుకుంటుంది. అంటే నన్ను మురిపించిన రెండు గుణాలూ ఆ తిప్పుడులోంచి వచ్చినవే. ఈ ఇంజిన్‌కి బోరు (సిలిండర్ వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మిల్లీమీటర్లు కాబట్టి మామూలుగానే నిదానంగా కొట్టుకుంటుంది. దాన్ని ఇంకా నిదానం చేయమని అడిగేవాళ్లున్నారు, చేసిపెట్టే మెకానిక్కులున్నారు. నిప్పు ఆలస్యమైతే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునేసరికి కూడా మంట ఆరదు. ఆ వేడంతా ఇంజిన్ తలకీ బెండు పైపుకీ పోతుంది, పైపు నీలంగా మారుతుంది. కొత్త బెండు పైపు ఎందుకు వేయించాడో అప్పుడు తెలిసింది. పైగా అంత తక్కువ వేగంలో ఆయిల్ పంపు సరిగా తోడదు, బ్యాటరీ నిండదు.

మీ బండి కూడా పేలుస్తుంటే ముందు ఎటువైపు పేలుతోందో గమనించండి. సైలెన్సర్ వైపు గట్టిగా ఫట్టుమంటే, బెండు పైపు ఇంజిన్‌ను కలిసే చోట గాలి పీలుస్తోందేమో చూసి, తర్వాత నిప్పూ టైమింగూ చూడాలి. కార్బురేటర్ వైపు తుమ్మినట్టు వెనక్కి ఊదితే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవుతోందనో, ఇన్‌టేక్ వాల్వు సరిగా కూర్చోవడం లేదనో అనుమానించాలి. కార్బురేటర్ అతుకు చుట్టూ మందంగా గ్రీజు పూసి చూడండి, తేడా వస్తే గాలి దూరే చోటు అదే. ఇంకొక చిల్లర జబ్బుంది: ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే, కొంత దూరం పోయాక పెట్రోలు దిగక ఇలాగే ఆగుతుంది, ఆగి కాసేపుంటే మళ్లీ నడుస్తుంది. ఆగగానే మూత తీసి చూడండి. లోపలికి గాలి బుస్సున పీల్చుకుంటే పది పైసల ఖర్చు లేకుండా సూదితో నయమవుతుంది.

ఇథనాల్ మాట పూర్తిగా అబద్ధం కాదు. 20 శాతం కలిపిన పెట్రోలు పాత రబ్బరు పైపులను పాడుచేస్తుంది, నెలల తరబడి నిలవ ఉంటే నీటిని పీల్చుకుని అడుగున చేరుస్తుంది. కానీ పాతిక నిమిషాలు చెట్టు కింద కూర్చుంటే ట్యాంకులో ఇథనాల్ మాయం కాదు కదా.

కొనేవాళ్లు చేయాల్సింది ఇదీ. ముందుగా చెప్పకుండా వెళ్లండి, ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి, కిక్కు మీరే కొట్టండి. పెట్రోలు మీ డబ్బుతో పోయించి, అమ్మే ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని, ఎండలో, ఇరవై ఐదు కిలోమీటర్లు తగ్గకుండా నడపండి. వచ్చాక ఆపి, వేడి మీద మళ్లీ స్టార్టు చేయండి. దీనికి ఒప్పుకోకపోతే ఆ బండి మీది కాదు. పాయింట్ల మూత తీయించి చూడండి, గుంటలు పడి నల్లబడి ఉంటే బేరం తగ్గించండి. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. కాగితాల సంగతి అందరికీ తెలిసిందే: పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించారా, ఇంజిన్ మీదా చాసిస్ మీదా ఉన్న నంబర్లు ఆర్‌సీతో కలుస్తున్నాయా, చలాన్లు ఉన్నాయా.

మధ్యవర్తికి ఫోన్ చేశాను. కోప్పడలేదు, నవ్వాడు. ‘సార్, మీరు చప్పుడు చూసే కదా తీసుకున్నారు’ అన్నాడు. నిజమే, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు బండి విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి వస్తోంది, కిక్కు అప్పుడప్పుడు వెనక్కి తంతోంది, ‘చప్పుడు తగ్గిపోయిందే’ అని పక్కింటి ఆయన జాలి పడుతున్నాడు.

మొన్న అదే మధ్యవర్తి ఇంకో బుల్లెట్ అమ్మకానికి పెట్టాడు. నా స్నేహితుడు నడిపి చూస్తానని అడిగాడట. దాని ట్యాంకు కూడా రిజర్వులోనే ఉందట.