పూర్వ విద్యార్థులు, విరాళాలు, చట్టం: శిక్షణ ముగిసిన రెండేళ్ల తర్వాత నా అంచనా

పూర్వ విద్యార్థులతో సంబంధాలు, విరాళాల సేకరణ, వాటి చుట్టూ ఉన్న చట్టాల మీద విశ్వవిద్యాలయాల, కళాశాలల పరిపాలనా సిబ్బందికి శిక్షణ ఇచ్చే కార్యక్రమాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అలాంటి ఒకదాన్ని పూర్తిచేసి రెండేళ్లు దాటింది. ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లో, కొంత హైదరాబాద్‌లో ముఖాముఖిగా సాగింది. నల్లగొండ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాల కార్యాలయంలో నా ఉద్యోగం. పూర్వ విద్యార్థుల సంఘం దస్త్రాలు నా బల్ల మీదే ఉంటాయి. ఒక ఆడిట్, కళాశాలల నాణ్యతకు గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థ సందర్శన ఒకటి దాటిన తర్వాతే ఈ సమీక్ష రాయాలని ఇంతకాలం ఆగాను.

మూడు భాగాల్లో చట్టాల భాగానికే నేను పూర్తి మార్కులు వేస్తాను. కోర్సు ప్రకటనలో దాన్ని చివరన, చిన్న అక్షరాల్లో పెడతారు. చేరదగ్గది దాని కోసమే.

మన దగ్గర విరాళాలు ఎలా వస్తాయో తెలిసినవారికి దాని విలువ వెంటనే అర్థమవుతుంది. ఏదో ఒక సంవత్సరం బ్యాచ్ వాళ్లు ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుంటారు. భోజనాల దగ్గర తలా కొంత నగదు వేసుకుంటారు. ఒకరు ఆ మొత్తాన్ని కవరులో తెచ్చి, మా బ్యాచ్ తరఫున రాసుకోండి అంటారు. ఇచ్చినవారి మనసు మంచిదే, కానీ లెక్కల్లో అది పేరు లేని డబ్బు. పరిమితి దాటిన అజ్ఞాత విరాళాల మీద 30 శాతం పన్ను పడుతుంది. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి దాతకు ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద పన్ను మినహాయింపు రాదు. 80జి ఆమోదం ఉన్న సంస్థ ఎవరు ఎంత ఇచ్చారో 10బిడి ఫారంలో మే 31 లోపు ఆదాయపు పన్ను శాఖకు తెలపాలి, దాతకు 10బిఈ ధ్రువపత్రం ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. ఇప్పుడు మా సంఘంలో సమ్మేళనానికి ముందే బ్యాంకు ఖాతా క్యూఆర్ కోడ్ పంపుతాం. ఎవరి విరాళం వారి ఖాతా నుంచే, పాన్ నంబరుతో రావాలని అడుగుతాం. మొదట్లో కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. మరుసటి వేసవిలో ధ్రువపత్రం చేతికి అందాక వాళ్లే మిగతావాళ్లకు నచ్చజెప్పడం మొదలుపెట్టారు.

ఇంకో విషయం కూడా అక్కడే స్పష్టమైంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి 80జి మినహాయింపు వర్తించదు. అందుకే పన్ను మిగులుతుందని ఊరించే మాటను మా విజ్ఞప్తి లేఖల నుంచి తీసేశాం.

విదేశాల నుంచి వచ్చే డబ్బు గురించి చెప్పిన పాఠం ఒక్కటే ఫీజు మొత్తానికి సమానం. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ నుంచి డాలస్, న్యూజెర్సీ వెళ్లినవారు తక్కువేమీ లేరు. చదువుకున్న చోటికి ఏదైనా చేయాలని వాళ్లే ఫోన్ చేస్తారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. అప్పుడు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద సంఘానికి నమోదో ముందస్తు అనుమతో ఉండాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఇందుకోసం తెరిచిన ఖాతాలోకే రావాలి. అక్కడ స్నేహితులందరూ ఒకరి ఖాతాలో పోగుచేసి ఒకేసారి పంపుతామంటారు. వాళ్లలో కొందరు పౌరులు, కొందరు హెచ్1బి వీసా మీద ఉన్నవారు అయితే మొత్తం కలగాపులగం అవుతుంది. తెలిసిన ట్రస్టుకు పంపితే వాళ్లు మీకు బదిలీ చేస్తారనే సలహా కూడా వస్తుంది. 2020 సవరణతో విదేశీ విరాళాన్ని ఒక సంస్థ మరో సంస్థకు బదిలీ చేసే దారి మూసుకుపోయింది. ఈ సంగతులు తెలియని సంఘాలు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయోనని నాకు నిజంగా భయం వేస్తుంది. పాస్‌పోర్టు వివరంతో చిన్న ధ్రువీకరణ తీసుకున్నాకే ఇప్పుడు మేము ఖాతా నంబరు ఇస్తున్నాం.

పూర్వ విద్యార్థులతో అనుబంధం అనే భాగం సగం ఉపయోగపడింది. అమెరికా కేంద్రంగా పనిచేసే కేస్ అనే సంస్థ ఈ అనుబంధాన్ని నాలుగు వైపుల నుంచి కొలవమంటుంది: విరాళం, స్వచ్ఛంద సేవ, కార్యక్రమాల్లో పాల్గొనడం, సమాచార సంబంధం. ఇది మాకు బాగా పనికొచ్చింది. ఆదివారాలు వచ్చి గ్రూప్స్ పరీక్షలకు పాఠం చెప్పే పాత విద్యార్థి ఒక్క రూపాయి ఇవ్వకపోవచ్చు. ఇదివరకు ఆయన పేరు ఏ రిజిస్టరులోనూ ఉండేది కాదు. న్యాక్ ఐదో ప్రమాణంలోని 5.4 అంశం కూడా డబ్బుతో పాటు ఇతర సహకారాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. తేదీ, సమయం, హాజరైన విద్యార్థుల సంతకాలతో ఆ రికార్డు సిద్ధంగా ఉండటం సందర్శన రోజుల్లో మమ్మల్ని నిలబెట్టింది.

కానీ పాఠాలు తయారుచేసినవారి మనసులో ఉన్నది ఒకే ప్రాంగణం, ఒకే పేరు ఉన్న పాత విశ్వవిద్యాలయం. మన పరిస్థితి వేరు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. అంతకుముందు ఇక్కడి కళాశాలలు ఉస్మానియాకు అనుబంధం. కాబట్టి 1985లో ఇక్కడ చదివినవారి పట్టా మీద ఉస్మానియా ముద్రే ఉంటుంది. ఇవ్వగలిగే స్థితిలో ఉన్న ఆ తరం కళాశాలను తమదంటుంది, కొత్త విశ్వవిద్యాలయాన్ని తమదనుకోదు. విశ్వవిద్యాలయం తనవారని చెప్పుకోగల వారిలో ఎక్కువమంది ఇంకా ఉద్యోగంలో కుదురుకుంటున్న వయసువారు. ఎవరిని ఎవరు పలకరించాలో విశ్వవిద్యాలయం, అనుబంధ కళాశాలలు కూర్చుని తేల్చుకోవలసిన సమస్య ఇది. మా బృందంలో పాలమూరు నుంచి వచ్చిన అధికారి ఇదే ప్రశ్న అడిగారు. శిక్షకుల దగ్గర సమాధానం దొరకలేదు. 2016లో జిల్లాలు విడిపోయాక పాత చిరునామాలను సరిచేసుకునే పని గురించీ ఎవరూ చెప్పలేదు. పిన్‌కోడ్ ఆధారంగా వెతకడం మేమే నేర్చుకున్నాం.

విరాళాల సేకరణ భాగం నాకు అన్నిటికన్నా తక్కువ నచ్చింది. కోటీశ్వరుల జాబితా తయారుచేయడం, భవనాలకు పేర్లు పెట్టడం చుట్టూ తిరిగింది. మా పూర్వ విద్యార్థుల్లో ఎక్కువమంది రిటైరైన ఉపాధ్యాయులు, ఆర్టీసీ ఉద్యోగులు, న్యాయవాదులు, వనస్థలిపురం, ఎల్బీనగర్‌లో స్థిరపడిన చిన్న వ్యాపారులు. దానం ఇక్కడ కొత్తగా నేర్పాల్సిన గుణం కాదు. వనపర్తిలో పాలిటెక్నిక్ నడుస్తున్నది సంస్థానం వారి రాజభవనంలోనే. తల్లిదండ్రుల పేరిట మొదటి స్థానం వచ్చిన విద్యార్థికి పతకం ఇప్పించే కుటుంబాలు ప్రతి ఊరిలో ఉన్నాయి.

ఆ పతకాల విషయంలో మాత్రం శిక్షణ గొప్ప మేలు చేసింది. ఎన్నో ఏళ్ల కిందట ఐదు వేల రూపాయలు డిపాజిట్ చేసి, వడ్డీతో ఏటా పతకం ఇవ్వమన్నవారు ఉన్నారు. నేటి వడ్డీతో పతకం కాదు కదా, దాని పెట్టె కూడా రాదు. మూలధనం ముట్టుకోకూడదు, ఆశయం మార్చకూడదు, దాత లేరు. వడ్డీ చాలకపోతే ఏం చేయాలి, కోర్సే ఎత్తేస్తే బహుమతి ఎవరికి, దాత తర్వాత ఎవరిని సంప్రదించాలి అనే మూడు మాటలు ఒప్పందంలో ముందే రాయించడం అక్కడే నేర్చుకున్నాను. ఆ నమూనాను తెలుగులోకి మార్చుకుని, ఇప్పుడు ప్రతి స్మారక నిధికీ వాడుతున్నాం.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఆ పత్రం చదివి, "అమ్మా, ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పోయినసారి ఇచ్చినదాన్ని ఎవరికి ఖర్చుపెట్టారో కూడా ఇలాగే కాగితం మీద చూపించండి" అన్నారు. ఇచ్చిన ప్రయోజనానికే డబ్బు వాడారన్న భరోసా దాతకు ఉండాలని అమెరికాలో రూపొందిన దాతల హక్కుల పత్రం చెబుతుంది. మాకు ఆ మాట ఆయన నోట వినిపించింది. అప్పటి నుంచి ఏటా ప్రతి దాతకూ ఒక పేజీ వివరం పంపుతున్నాం. రెండోసారి ఇచ్చేవారు పెరిగింది దీనివల్లేనని నా నమ్మకం.

లోపాలు రెండు చెప్పాలి. బోధన, పాఠ్యసామగ్రి మొత్తం ఇంగ్లిషులోనే ఉన్నాయి. రసీదు రాసే గుమాస్తాకు అవి అందవు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి కోరే నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలు కల్పించాలి. దాన్ని బోధించిన తరగతిలో తెలుగు నమూనా ఒక్కటీ లేదు. రెండోది, సామగ్రిని తాజాగా ఉంచడం. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. పాత చట్టం సెక్షన్ల సంఖ్యలు అందులో మారాయి. నేను పైన రాసిన 80జి, 10బిడి వంటి పేర్లు పాత చట్టానివి. నాకిచ్చిన పుస్తకంలో ఉన్నవీ అవే. దాఖలు చేసే ముందు ఆడిటరును తప్పక అడగండి.

చేరాలనుకునేవారు ఒంటరిగా వెళ్లకండి. ప్రభుత్వ కళాశాలల్లో సమన్వయకర్తగా ఉన్న అధ్యాపకుడికి బదిలీ అయితే నేర్చుకున్నదంతా ఆయనతోనే వెళ్లిపోతుంది. ఒక అధ్యాపకుడు, కార్యాలయం నుంచి ఒకరు కలిసి వెళ్లాలి. ఫీజు కట్టే ముందు నిర్వాహకులను అడగవలసినవి: పాఠాలను చివరిసారి ఎప్పుడు సవరించారు, విదేశీ విరాళాల తరగతి ఎవరు చెబుతారు, ఒప్పంద నమూనాలు చేతికి ఇస్తారా లేక తెర మీద చూపించి సరిపెడతారా.