‘ది విచర్’ నాలుగు సీజన్లు: పుస్తకాలు చదివినవాళ్లు ఎక్కడ చేజారారు

(కథ మలుపులన్నీ ఇందులో ఉన్నాయి. చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.)

నాలుగు సీజన్లు, 32 ఎపిసోడ్లు. 2019 డిసెంబరులో మొదలైన ఈ నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 2025 అక్టోబరులో నాలుగో సీజన్ దాకా వచ్చింది. పోలండ్ రచయిత సప్కోవ్‌స్కీ రాసిన రెండు కథల సంపుటాలూ, ఆ తర్వాతి ఐదు నవలలూ పక్కన పెట్టుకుని చూస్తే, పాత అభిమానులకు మనసు విరిగిన చోట్లు స్పష్టంగా దొరుకుతాయి.

మొదటి సీజన్ మీద ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు మూడు కాలాల కథల్ని కలిపేసి, ఏది ఎప్పటిదో చెప్పకపోవడం. మొదటి ఎపిసోడ్‌లో చనిపోయిన సింట్రా రాజ్యపు రాణి కలాంతే నాలుగో ఎపిసోడ్‌లో విందు చేస్తుంటుంది. కథ తెలిసినవాళ్లకు ఇదేం పెద్ద చిక్కు కాదు. వాళ్లను దెబ్బతీసింది బ్రోకిలాన్ అడవి.

కథల్లో హీరో, డబ్బుకు రాక్షసుల్ని వేటాడే విచర్ గెరాల్ట్‌కు కలాంతే మనవరాలు, చిన్నపిల్ల సిరి మొదట తగిలేది ఆ అడవిలోనే. ఇద్దరూ కలిసి నడుస్తారు, పోట్లాడుకుంటారు, పిల్ల అతనికి అతుక్కుపోతుంది. అయినా విధిని నమ్మనంటూ ఆమెను వదిలేసి వెళ్లిపోతాడు. ఆ తర్వాత సింట్రా తగలబడుతుంది. చివరికి యుర్గా అనే వర్తకుడి ఇంటి ముంగిట ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి మీద పడితే చదివేవాడి గొంతు పూడుకుపోతుంది. సిరీస్‌లో సిరి బ్రోకిలాన్‌కు వెళ్తుంది, గెరాల్ట్ మాత్రం లేడు. చివరి ఎపిసోడ్‌లో కౌగిలి అలాగే ఉంచారు. అప్పటిదాకా ఒకరినొకరు కలవనివాళ్లు అలా హత్తుకుంటే ఏమనిపిస్తుంది? కారణాన్ని కోసేసి ఫలితాన్ని ఉంచుకున్నారు. ఈ సిరీస్ జబ్బంతా ఇదే.

మార్పు అంటేనే అభిమానులు మండిపడతారనేది తేలిక మాట. గెరాల్ట్ ప్రేమించే మంత్రగత్తె యెన్నెఫర్‌కు ఒకప్పుడున్న గూని గురించి పుస్తకాల్లో ఉన్నవి సూచనలే. సిరీస్ దాన్ని పూర్తి గతంగా అల్లింది, చదివినవాళ్లలో చాలామందికి నచ్చింది కూడా. ఎందుకంటే ఆ కల్పన ఆమె తర్వాత చేసే పనులకు కారణాన్ని ఇస్తుంది, ఉన్నదాన్ని లాక్కోదు.

రెండో సీజన్‌లో లాక్కున్నారు. మొదటి ఎపిసోడ్ (నివెలెన్ కథ) చక్కగా ఉంటుంది. రెండో ఎపిసోడ్‌లోనే గెరాల్ట్ తోటి విచర్ ఎస్కెల్‌ను రాక్షసుడిగా మార్చి చంపేశారు. పుస్తకాల్లో అతను చావడు. ఆ చావు వల్ల కథలో కదిలేది కూడా తక్కువే. దానికంటే పెద్ద తప్పు యెన్నెఫర్‌ది. మొదటి నవలలో ఆమె మెలిటెలే అనే దేవత గుడిలో సిరికి మంత్రవిద్య నేర్పుతుంది. ఇద్దరి మధ్య తల్లీకూతుళ్ల బంధం అక్కడే మొలుస్తుంది. సిరీస్‌లో ఆమె శక్తి పోగొట్టుకుని, పుస్తకాల్లో లేని వోలెత్ మేయిర్ అనే దయ్యం మాట విని సిరిని అప్పగించడానికి తీసుకెళ్తుంది. చివర్లో మనసు మార్చుకుందనుకోండి. కానీ ఇకమీదట కథంతా ఆ తల్లిప్రేమ మీదే నిలబడాలి, పునాదిలో ద్రోహం పెట్టాక నిలబడేదెలా?

మూడో సీజన్ రెండో నవలకు దగ్గరగా నడుస్తుంది. సిరి ఎడారిలో ఒంటరిగా తిరిగే ఏడో ఎపిసోడ్, చదివినవాళ్లు కోరుకున్నదానికి బాగా దగ్గర. అప్పటికే చాలామంది లేచి వెళ్లిపోయారు.

మూడు సీజన్లలో గెరాల్ట్‌గా చేసిన హెన్రీ కావిల్ తప్పుకున్నందుకే జనం పోయారంటారు. ఆ ప్రకటన వచ్చింది 2022 అక్టోబరులో. రెండో సీజన్ మీద కోపం అంతకు పది నెలల ముందే మొదలైంది. అతని స్థానంలో వచ్చిన లియామ్ హెమ్స్‌వర్త్ నటన ఫర్వాలేదు. నాలుగో సీజన్‌లో అసలు బలం లారెన్స్ ఫిష్‌బర్న్ చేసిన రక్తపిశాచి రెగిస్ పాత్ర.

పోలికకు జపాన్ మాంగా (బొమ్మల కథ) ఆధారంగా 2023లో నెట్‌ఫ్లిక్స్‌లోనే వచ్చిన సముద్రదొంగల సిరీస్ ‘వన్ పీస్’ చూడండి. ఎనిమిది ఎపిసోడ్లలో ఇమడ్చడానికి క్రీగ్ అనే దొంగల నాయకుడితో జరిగే పెద్ద పోరాటాన్నే దాదాపు తీసేశారు. అయినా హీరో జట్టులోని నామి ఎందుకు ఏడుస్తుందో, హీరో లూఫీ తన టోపీ ఆమె తలమీద ఎందుకు పెడతాడో, ఆ వరుస చెదరలేదు. కోత అంతకంటే పెద్దదే, గొడవ మాత్రం రాలేదు.

కొత్తగా చూసేవాళ్లు రెండు కథల సంపుటాలు ముందు చదివి, మొదటి సీజన్, రెండోదాంట్లో మొదటి ఎపిసోడ్ చూడండి. మిగిలిన ఏడింటి బదులు మొదటి నవల చదివి, నేరుగా మూడో సీజన్‌కు దూకేయండి. నా మార్కులు వరుసగా అయిదుకు మూడున్నర, ఒకటిన్నర, మూడు, రెండున్నర.