లోడర్ బకెట్‌కు గొలుసు కొక్కేలు: కొన్నేళ్లు వాడాక నా మాట

ట్రాక్టర్ లోడర్ మీద నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే గిట్టుబాటైంది ఏదంటే, బకెట్ పైఅంచుకు వేయించిన మూడు గొలుసు కొక్కేలు. అయితే ఈ మాట విని రేపే వెల్డింగ్ షాపుకు బయలుదేరకండి. కొక్కెం ఎంత గట్టిదన్నది రెండో సంగతి. దాని కింద ఏ పలక వేశారు, ఎక్కడ వేశారు, ఏ రాడ్డుతో అతికారు అన్నవే మొదట చూసుకోవాలి.

మాది అనంతపురం జిల్లా, తాడిపత్రి వైపు. చీనీ తోట, కొంత వేరుశనగ చేను. యాభై హార్స్‌పవర్ ట్రాక్టర్‌కు ముందు లోడర్ బిగించుకున్నది పేడ, మట్టి ఎత్తడానికే. కానీ మా నేలలో మట్టికంటే రాయి ఎక్కువ. కంచెకు రాతి కూసాలు, గట్టుకు బండలు, పశువుల కొట్టం చుట్టూ నాపరాళ్లు. ఇవేవీ బకెట్‌లో కుదురుగా కూర్చోవు. గొలుసుతో వేలాడదీయాల్సినవే.

రాతి కూసం సంగతే తీసుకోండి. ఏడడుగుల పొడవు, అయిదంగుళాల చదరం ఉన్న గ్రానైట్ కూసం తొంభై కిలోలు దాటుతుంది. నలుగురు మనుషులు, గడ్డపారలు, బోలెడు అరుపులు ఉంటే తప్ప గుంతలోకి దిగేది కాదు. ఇప్పుడు కూసం పైనుంచి మూడో వంతు దగ్గర గొలుసు ఉరి వేసి, మధ్య కొక్కేనికి తగిలించి లేపుతాం. కింది కొస బరువుకు తనంతట తనే కిందికి వేలాడుతుంది. ఒక మనిషి పక్కన నిలబడి గడ్డపారతో కొసను గుంత వైపు నెడితే చాలు. నున్నటి రాయి మీద గొలుసు జారుతుంది కాబట్టి మధ్యలో పాత ట్యూబు ముక్క చుట్టాలి. ఈ ఒక్క పనికే కొక్కేల డబ్బు తిరిగొచ్చిందని నా లెక్క.

కొక్కేల్లో రెండు రకాలు. గ్రాబ్ హుక్‌కు నోరు ఇరుకు. గొలుసు లంకె ఒకటి అడ్డంగా ఇరుక్కుని అక్కడే ఆగుతుంది, జారదు. స్లిప్ హుక్‌కు నోరు వెడల్పు, గొలుసు అందులో కదులుతుంది, బయటికి రాకుండా తాళం నాలుక ఉంటుంది. నేను రెండు కొసల్లో గ్రాబ్ హుక్‌లు, మధ్యలో స్లిప్ హుక్ వేయించాను. గొలుసు పొడవును లంకె లంకెకు సరిచేసుకోవడం గ్రాబ్ హుక్‌తోనే కుదురుతుంది. రోటవేటర్‌ను (దుక్కి మట్టిని గుల్లచేసే యంత్రం) ట్రాలీలోకి ఎక్కించేటప్పుడు అది ఒక పక్కకు ఒరిగితే, దించి, ఆ వైపు గొలుసును రెండు లంకెలు తగ్గించి మళ్లీ లేపితే మట్టంగా వస్తుంది. మూడూ స్లిప్ హుక్‌లే వేయించిన వాళ్లకు ఈ సౌకర్యం లేదు. పైగా ఆ తాళం నాలుకల స్ప్రింగులు మా ఎర్రమట్టి దుమ్ముకు త్వరగా బిగుసుకుపోతాయి.

కొక్కెం కొనేటప్పుడు అడుగున వెల్డింగ్ కోసమే చేసిన దిమ్మ ఉన్నది అడగాలి. గొలుసుకు బిగించే మామూలు గ్రేడ్ 80 (వేడిచేసి చల్లార్చి గట్టిపరిచిన ఉక్కు) కొక్కేన్ని తెచ్చి అతికిస్తే, వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది. చూపుకు అలాగే ఉంటుంది, బలం మాత్రం ఉండదు. ఇంతకంటే ప్రమాదం, స్లాబు మిగులు టీఎంటీ కడ్డీని కొలిమిలో కాల్చి వంచి కొక్కెంగా అతికించడం. ఆ కడ్డీ బలమంతా తయారీలో నీళ్లతో చల్లార్చడం వల్ల పైపొరకు వచ్చింది. ఎర్రగా కాల్చిన మరుక్షణం అది పోతుంది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి కొక్కేలున్న బకెట్లు చాలా చూశాను. వాటి కింద నిలబడి పని చేసే కూలీలను చూస్తే నాకు కోపమే వస్తుంది, వాళ్ల మీద కాదు.

బకెట్ పైఅంచు రేకు పలుచన. నేరుగా దానికే అతికితే మొదట అంచు వంగుతుంది, తర్వాత అతుకు చుట్టూ చీలుతుంది. అందుకని అంచు పొడవునా 12 మిల్లీమీటర్ల ఇనుప పలక వేయించి, దాని మీద కొక్కేలు పెట్టించాను. కొసల కొక్కేలు లోడర్ చేతులకు సరిగ్గా ఎదురుగా రావాలి. బకెట్ మూలల్లో పెడితే ఒక్క వైపే బరువు లేపినప్పుడు చేతులు మెలితిరుగుతాయి. బకెట్ మట్టంగా ఉన్నప్పుడు కొక్కెం నోరు ట్రాక్టర్ వైపు చూడాలి. అప్పుడు బకెట్‌ను ముందుకు వంచితే నోరు ఆకాశం వైపు తిరుగుతుంది, గొలుసు జారిపడదు. ముందు వైపుకు పెట్టిస్తే వంచగానే నోరు నేలను చూస్తుంది. ఇంత చిన్న విషయాన్ని షాపుల్లో ఎవరూ పట్టించుకోరు, మీరే సుద్దముక్కతో గీసి చూపించాలి.

ఇక వెల్డింగ్. రోడ్డు పక్క షాపుల్లో ఉండేది 6013 నంబరు రాడ్డు. గేట్లకు, కిటికీ చువ్వలకు అది చాలు. బరువు మోసే కొక్కేనికి 7018 నంబరుది కావాలి. ఒక షాపులో అడిగితే, "అన్నా, ఏ రాడ్డయినా ఇనుమే కదా" అన్నాడు. అక్కడినుంచి వచ్చేశాను. 7018 తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన రాడ్డుతో అతికితే కంటికి కనిపించని పగుళ్లు లోపల పడతాయి. అందుకే దాన్ని ఓవెన్‌లో 300 డిగ్రీలకు పైగా వేడి చేసి వాడతారు. ఆ ఏర్పాటున్న షాపు అనంతపురంలో దొరికింది. బకెట్ పిన్నులు తీసి బకెట్‌ను మాత్రమే ట్రాలీలో వేసుకుని వెళ్లాను. ట్రాక్టర్ మీదే ఉంచి చేయించాల్సి వస్తే బ్యాటరీ వైర్లు విప్పేయాలి, వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లాంపు బకెట్‌కే పెట్టించాలి. క్లాంపును ట్రాక్టర్ బాడీకి పెడితే కరెంటు పిన్నులు, బుష్షులు, హైడ్రాలిక్ జాకీల మీదుగా పోయి వాటిని కొరికేస్తుంది. అతుకు వేయాల్సిన చోట రంగు, తుప్పు గ్రైండర్‌తో తీసి తెల్లటి ఇనుము కనిపించాలి. అయ్యాక నీళ్లు కొట్టనివ్వకండి, దానంతట అదే చల్లారాలి.

గొలుసు విషయంలో పిసినారితనం పనికిరాదు. లంకె మీద 8 లేదా 80 అని గుర్తు ఉంటే అది గ్రేడ్ 80. అందులో 8 మిల్లీమీటర్లది 2 టన్నులు, 10 మిల్లీమీటర్లది 3.15 టన్నులు మోస్తుంది. నా దగ్గరున్నది 10. మా లోడర్ అంత బరువు ఎలాగూ లేపలేదు, అయినా కుదుపుకు ఆ మిగులు ఉండాలి. రెండు కొసల నుంచి పొట్టి గొలుసులతో ఒకే బరువును వేలాడదీస్తే ఇంకో చిక్కు ఉంది. రెండు గొలుసుల మధ్య కోణం 120 డిగ్రీలకు చేరితే, ఒక్కో గొలుసు మీద పూర్తి బరువంత లాగుడు పడుతుంది. సగం సగం పంచుకుంటాయనుకోవడం భ్రమ. గొలుసు పొడవు పెంచి కోణం తగ్గించుకోవాలి.

నచ్చనివీ ఉన్నాయి. గొలుసుకు వేలాడే బరువు ఊగుతుంది, మలుపులో ఇంకా ఎక్కువ. ముందు ఇరుసు నడిమధ్య పిన్ను మీద తిరిగేది కాబట్టి, పక్కకు పడబోయే ట్రాక్టర్‌ను వెంటనే ఆపలేదు. గట్టు మీద బరువును మోకాలి ఎత్తుకు మించి లేపను. ఎదురు బరువుగా వెనకాల రోటవేటరో, రాళ్లు నింపిన పెట్టెనో తగిలించకుండా అసలు కదలను. సర్కారు తుమ్మ మొద్దులు పీకడానికి ఈ కొక్కేలు వద్దేవద్దు. దాని వేళ్లు ఎంత లోతుకు పోతాయో మా వైపు అందరికీ తెలుసు. ఒక్క గుంజుకు వంగేది మొద్దు కాదు, లోడర్ చేయి. ఆ పని ట్రాక్టర్ వెనక ఉండే డ్రాబార్‌తోనే (లాగుడుకు గొలుసు తగిలించే కడ్డీ).

కొక్కేలు కనిపించగానే ఊరందరికీ మన ట్రాక్టర్ క్రేన్‌లా కనిపించడం మరో తలనొప్పి. బోరు మోటారు లాగిపెట్టమని ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు వస్తారు. ఇరవై అడుగుల జీఐ పైపులకు లోడర్ ఎత్తు ఎక్కడ చాలుతుంది? పది అడుగుల పీవీసీ కాలమ్ పైపులకూ తిప్పలే. నేరుగా కాదనలేక మొదట్లో ఇబ్బంది పడేవాణ్ని, ఇప్పుడు మూడు కాళ్ల స్టాండు ఉన్న బోరు మెకానిక్ నంబరు ఇచ్చేస్తున్నాను.

నిర్వహణ పెద్దగా లేదు. కొత్తలోనే ప్రతి కొక్కెం నోటికి రెండు వైపులా పంచ్‌తో చుక్క కొట్టించి, మధ్య దూరం పుస్తకంలో రాసుకున్నాను. అప్పుడప్పుడు కొలిస్తే నోరు తెరుచుకుంటున్నదీ లేనిదీ తెలుస్తుంది. గ్రాబ్ హుక్‌లు రెండూ ఇంకా పాత కొలతకే ఉన్నాయి. గొలుసు లంకె మందంలో పదో వంతు అరిగితే పక్కన పడేయాలి, నాది ఇంకా అంతదాకా రాలేదు. మధ్య కొక్కెం స్ప్రింగు మాత్రం ఒకసారి మార్చాను, మళ్లీ బిగుసుకుపోతోంది.