వాటర్‌కలర్ పిట్ట: తడి కాగితం మీదా, పొడి కాగితం మీదా?

లకుముకి పిట్టనే తీసుకుందాం. వీపు నీలం, పొట్ట నారింజ. ఒకే పిట్టను రెండు పద్ధతుల్లో వేసి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

తడి కాగితం మీద ఈకల మెత్తదనం దానంతటదే వస్తుంది. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) కాటన్ కాగితాన్ని పిట్ట ఆకారం మేరకు రెండుసార్లు తడపాలి. నీళ్లు అద్దంలా మెరుస్తుండగా రంగు పెడితే ఎటో కొట్టుకుపోతుంది; ఆ మెరుపు తగ్గి పట్టుగుడ్డలా నిగనిగలాడేటప్పుడు పెట్టాలి. నీళ్లు ఎలాగూ కాగితంలో ఉన్నాయి కాబట్టి రంగు పాలలా కాదు, మీగడలా ఉండాలి. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఆ తర్వాతే: సగం ఆరిన రంగులోకి నీళ్లోడే కుంచె పెడతారు. ఆ నీరు రంగును పక్కకు నెట్టేసి కాలీఫ్లవర్ లాంటి మరక మిగులుస్తుంది. నీలం, నారింజ కలిసినచోట బురద రంగు తేలుతుంది, అందుకని మధ్యలో సన్నగా తెలుపు వదలండి.

పొడి కాగితం మీద ఆకారం మన అదుపులో ఉంటుంది. 10వ నంబరు గుండ్రటి కుంచెను పడుకోబెట్టి రెక్కను ఒక్క విసురులో లాగాలి. చిక్కల్లా అంచులన్నీ కత్తిరించి అతికించినట్టు కనిపించడమే. రంగు ఆరకముందే, పిండిన తడి కుంచెతో పొట్ట అంచును ఒకటి రెండుచోట్ల చెరిపితే ఆ బిగువు పోతుంది.

మొదటిసారి వేసేవాళ్లకు పొడి కాగితమే మేలు. అందం మాత్రం తడిదానిదే. ఎలా వేసినా కన్ను, ముక్కు పూర్తిగా ఆరాకే. కంట్లో సూదిమొనంత తెలుపు వదలకపోతే పిట్టలో జీవం ఉండదు.