ఎస్సిటాలోప్రామ్ ఏళ్ళ తరబడి వాడాక నా అభిప్రాయం

డిప్రెషన్‌కి ఇచ్చే ఈ మాత్ర గురించి తెలుగులో వెతికితే "డాక్టర్ చెప్పినట్టు వాడండి" అనే వాళ్ళు కనిపిస్తారు, లేదా "ఇవన్నీ మోసం, ప్రాణాయామం చాలు" అనే వాళ్ళు. ఏళ్ళ తరబడి రోజూ మింగిన మనిషిగా నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు మంచి. మొదలుపెట్టే నాటికి స్నానానికి లేవడమే పెద్ద పనిగా ఉండేది, ఆఫీసుకు సెలవు మీద సెలవు, ముద్ద గొంతు దిగేది కాదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసి ఇంక బతికి ఏం లాభం అనే ఆలోచనలు. అమ్మ దిష్టి అంది, తాయెత్తు కట్టించింది. అత్తయ్య థైరాయిడ్ అన్నారు (ఆవిడ మాట కొట్టిపారేయక్కర్లేదు, డాక్టర్ కూడా ముందు థైరాయిడ్, బి12 పరీక్షలే చేయించారు, రెండూ బాగానే ఉన్నాయి). 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచారు. మొదట్లో వికారం, ఊరికే ఆవలింతలు. నెల తిరిగేసరికి ఆ తెల్లవారుజాము ఆలోచనలు ఆగాయి, మళ్ళీ అన్నం తిన్నాను. సంతోషం తెస్తుందని ఆశపడితే నిరాశే గానీ నన్ను మంచం మీద నుంచి లేపింది ఇదే. ఆ ఏడాదికి ఐదుకి నాలుగు ఇస్తా.

ఆ తర్వాతే గొడవ. చెల్లెలి పెళ్ళిలో అప్పగింతలప్పుడు మా పెదనాన్న లాంటి మనిషే కండువాతో కళ్ళు తుడుచుకుంటుంటే నేను క్యాటరింగ్ బిల్లు గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను, లోపల ఏమీ కదల్లేదు. బాధ ఎలా తగ్గిందో మిగతావీ అలాగే తగ్గిపోయాయి. పడకగది సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి: కోరిక పూర్తిగా పోయింది. ఈ రకం మందులన్నిటికీ బాగా తెలిసిన దుష్ప్రభావమే, అయినా డాక్టర్ అడగరు, మనకు నోరు రాదు, మా ఆయన తన మీద ఇష్టం పోయిందనుకున్నాడు.

ఎన్నాళ్ళు వాడాలి అని అడిగితే "షుగర్ మాత్రలాంటిది అనుకోమ్మా, మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం తగ్గింది" అన్నారు. షుగర్‌కి రక్తపరీక్ష ఉంది, నాకెవరూ సెరొటోనిన్ కొలవలేదు. 2022లో లండన్‌కు చెందిన సైకియాట్రిస్ట్ జోవన్నా మాన్‌క్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి, సెరొటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి సరైన ఆధారాలు లేవని రాసింది. దాన్ని పట్టుకుని వాట్సాప్‌లో "మందులు పనిచేయవని తేలిపోయింది" అని తిప్పుతున్నారు, అది వేరే మాట. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్షలో 21 డిప్రెషన్ మందుల మీద జరిగిన 522 ట్రయల్స్ చూస్తే అన్నీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగే, కాకపోతే సగటున ఆ మెరుగు పెద్దదేం కాదు.

అసలు నరకం ఆపేటప్పుడు. రోజు విడిచి రోజు వేసుకుని రెండు వారాల్లో మానేయమన్నారు. తల తిప్పితే లోపల కరెంటు జర్రుమన్నట్టు, నడుస్తుంటే తూలు, పిల్ల మీద కారణం లేకుండా అరుపులు. వెళ్ళి చెబితే "చూశావా, తిరగబెట్టింది" అని మళ్ళీ అదే డోసు. తిరగబెట్టడమైతే మెల్లగా వస్తుంది, ఇది మానేసిన కొద్ది రోజులకే మొదలైంది, మాత్ర మళ్ళీ వేసుకోగానే తగ్గిపోయింది, పైగా నా పాత జబ్బులో ఈ కరెంటు షాకులు ఎప్పుడూ లేవు. నేను డాక్టర్‌ని మార్చింది అందుకే.

కొత్త డాక్టరమ్మ కాగితం మీద గీత గీసి చూపించారు. చిన్న డోసే మెదడులో చాలా పని చేసేస్తుంది, ఆ పైన ఎంత పెంచినా కొంచెమే పెరుగుతుంది. అంచేత 10 నుంచి 5కి రావడం కంటే 5 నుంచి సున్నాకి రావడం చాలా పెద్ద దూకుడు. హోరోవిట్జ్, టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2019లో ఇదే రాశారు, కిందికి వచ్చేకొద్దీ ఇంకా చిన్న చిన్న మెట్లుగా తగ్గించాలని. రోజు విడిచి రోజు పద్ధతిలో ఒంట్లో మందు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఆవిడ దాన్ని వద్దన్నారు. మాత్రను ముక్కలు చేసి, ఒక్కో మెట్టు మీద వారాల తరబడి ఆగి దిగుతున్నాను. ఆపితే గ్యారంటీ ఏమీ లేదు. బాగున్నామని ఆపాలనుకున్న వాళ్ళ మీద బ్రిటన్‌లో జరిగి 2021లో వచ్చిన అధ్యయనంలో, మందు తీసేసిన వాళ్ళలో 56 శాతం మందికి ఏడాదిలోపు తిరగబెట్టింది. కొనసాగించిన వాళ్ళలోనూ 39 శాతం మందికి తిరగబెట్టింది, అది మాత్రం నాకెవరూ చెప్పలేదు.

మందుతో పాటు కౌన్సెలింగ్ కూడా ఉండాల్సింది, నాకు ఆలస్యంగా దొరికింది. మూడ్ వచ్చేదాకా ఆగకుండా చిన్న పనులు రోజులో ముందే పెట్టుకోవడం, కాలవ గట్టు మీద నడక, వారానికోసారి ఎవరితోనైనా కలిసి భోజనం. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది, నాకు మాత్రం మాత్ర చేసినంత పనీ చేసింది. డబ్బులు లేకపోతే 14416 టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చావాలనిపిస్తున్న రోజున ఇలాంటి రివ్యూలు చదువుతూ కూర్చోకండి, ముందు ఆ నంబరుకి చేయండి. ఇది చదివి మీ మాత్ర మీరే ఆపేయొద్దు కూడా. మొదటిసారి చీటీ రాసేటప్పుడే "ఆపేటప్పుడు ఎలా ఆపుతారు?" అని అడగండి, సమాధానం బట్టి డాక్టర్ ఎలాంటివారో తెలిసిపోతుంది.

నేను ప్రస్తుతం రెండున్నర దగ్గర ఉన్నాను. పోయిన నెల సీరియల్ చూస్తూ ఏడ్చాను, అదీ ఓ చెత్త సీరియల్. పాప ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా డోసు కదపొద్దని డాక్టరమ్మా నేనూ అనుకున్నాం.