కంకర బాట మీద ఆకులకు 600 వాట్ల బ్లోవర్: కొనొచ్చు, సంచి జోలికి పోకండి

హార్డ్‌వేర్ షాపుల్లో రకరకాల పేర్లతో అమ్మే 600 వాట్ల చేతి బ్లోవర్‌ను అసలు మోటార్లు, కంప్యూటర్లు, ఏసీల్లో దుమ్ము ఊదడానికి చేశారు. చవక రకాలు రెండు వేల లోపే దొరుకుతాయి. ఫామ్‌హౌస్ గేటు నుంచి పోర్టికో దాకా పరిచిన కంకర మీద రాలిన ఆకులకు పనికొస్తుందా అంటే, వస్తుంది. కాకపోతే కంకర 20 ఎంఎం అయ్యుండాలి, ఆకు ఎండి ఉండాలి. (గ్రావెల్ అని అడిగితే మన వైపు లారీ ఎర్రమట్టి దింపి పోతుంది. ఇక్కడి మాట క్రషర్‌లో కొట్టిన రాతి కంకర గురించి.)

వేప, కానుగ ఫిబ్రవరి, మార్చిల్లో రాలుస్తాయి. ఈ బ్లోవర్ డబ్బులకు న్యాయం చేసేది వేపాకు దగ్గరే. సన్నటి ఆకు రాళ్ల సందుల్లోకి జారిపోతుంది, పుల్లల చీపురుతో ఊడిస్తే ఆకు అక్కడే ఉండి కంకర పక్కకు పోతుంది. బాదం, టేకు ఆకులకైతే యంత్రం దండగ, విసనకర్రలా విచ్చుకున్న తీగల రేక్ చాలు. ఎలాగైనా తొలకరికి ముందే ఎత్తేయాలి. వానకు తడిసిన ఆకు కుళ్లి నల్లమట్టిగా మారి సందులు పూడుస్తుంది. ఇక నీళ్లు ఇంకవు, గరికా తుంగా మొలుస్తాయి. అప్పుడు ఏ బ్లోవరూ ఏమీ చేయలేదు, కంకర పైకి తీసి జల్లెడ పట్టాల్సిందే.

కొనేటప్పుడు వాట్ల కన్నా ముందు వేగం తగ్గించే వీలుందా లేదా చూడండి. నొక్కే కొద్దీ వేగం పెరిగే ట్రిగ్గరో, తిప్పే డయలో ఉండాలి. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న రకంతో కంకరలో కలిసిన 6 ఎంఎం చిప్స్ (సన్న రాళ్లు) కూడా ఆకుతో పాటే లేస్తాయి. కళ్లద్దాలు తప్పనిసరి, కారు పక్కన ఉంటే ముందు జరపండి.

ఎండెక్కి మంచు తడి ఆరాక మొదలుపెట్టి, గాలి వాలుకే ఊదండి. బ్లోవర్ మూతిని జానెడు ఎత్తున, నేలకు బాగా వాల్చి పట్టాలి. నిటారుగా పెడితే ఆకు పైకి రాకపోగా ఇంకా లోపలికి దిగుతుంది. అంచున పాత టార్పాలిన్ పరిచి దాని మీదకు తోలితే ఒక్కసారే ఎత్తి కంపోస్టు గుంతలో వేయొచ్చు. కంకర మీదే తగలబెట్టకండి, కలుపు రాకుండా అడుగున ప్లాస్టిక్ షీటు వేసి ఉంటే అదీ కరుగుతుంది.

బ్లోవర్‌తో వచ్చే సంచి తగిలించి ఆకులు పీల్చొచ్చని డబ్బా మీద బొమ్మ ఉంటుంది. కంకర మీద ఆ పని అసలు చేయొద్దు. ఆకులు గాలి పీల్చే నోటికి అడ్డం పడతాయి, ఒక్క చిప్పు లోపలికి పోతే ప్లాస్టిక్ ఫ్యాన్ రెక్క విరుగుతుంది.

230 వోల్టుల మీద ఇది తీసుకునేది మూడు ఆంపియర్ల లోపే కాబట్టి 30 మీటర్ల తీగ లాగాలన్నా 1.5 చదరపు ఎంఎం, మూడు కోర్ల వైరు చాలు. ఆరుబయట వాడకం కదా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైను నుంచే తీసుకోండి. పది, పదిహేను నిమిషాలకోసారి మోటారును చల్లారనివ్వాలి. గాలి రంధ్రాల్లో క్రషర్ పొడి పేరుకుంటే త్వరగా కాలిపోతుంది.

వైరు బాధ లేదని బ్యాటరీ రకం వైపు చూస్తుంటే లెక్క వేసుకోండి: 20 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ అంటే 40 వాట్ అవర్. 300 వాట్ల మోటారు దాన్ని ఎనిమిది నిమిషాల్లో తాగేస్తుంది. 10 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న బాటకు రెండో బ్యాటరీ కావాల్సి వస్తుంది, ధర అక్కడే పెరుగుతుంది. ఆ కొలత వరకు వైరు బ్లోవర్ హాయి. ఎకరం తోటలో బాటలైతే వీపుకు తగిలించుకునే పెట్రోల్ రకమే.

చివరగా, కార్బన్ బ్రష్‌ల (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) మూతలు బయటి వైపు ఉన్న మోడల్ అడగండి. బ్రష్‌లు అరిగినప్పుడు స్క్రూడ్రైవర్‌తో మూత తిప్పి మీరే మార్చుకోవచ్చు.